చెక్కకూ ఒక దిక్కుంది

క్షయతో మంచం పట్టిన మనిషికి రోజంతా కళ్లెదుట ఉండేది పైకప్పు. దానికి వేలాడే దీపం నేరుగా కళ్లలో గుచ్చుకుంటుంది. ఎవరైనా కొళాయి తిప్పితే బేసిన్‌లో పడే నీటి చప్పుడుకి అప్పుడే పట్టిన కునుకు చెదిరిపోతుంది. కిటికీ తీస్తే చలిగాలి, మూస్తే ఉక్కిరిబిక్కిరి. లేచి తిరిగే మనిషి పట్టించుకోని ఇలాంటి చిన్న ఇబ్బందులే పడుకున్న మనిషిని రోజల్లా వేధిస్తాయి. ఫిన్లండ్ వాస్తుశిల్పి అల్వర్ ఆల్టో పైమియో శానిటోరియం గదుల గురించి ఆలోచించడం ఇక్కడి నుంచే మొదలుపెట్టారు. మామూలు గది నిలబడ్డ మనిషి కోసం, రోగి గది పడుకున్న మనిషి కోసం అన్నది ఆయన వాదన. ఆ పని చేతికొచ్చినప్పుడు తానూ జబ్బుపడి ఉన్నానని, ఆ తేడా తెలిసింది అప్పుడేనని తర్వాత రాసుకున్నారు.

ఆల్టో పేరు చెప్పగానే డిజైన్ చదువుకున్నవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది మాత్రం ఓ మూడు కాళ్ల స్టూలు. 1933 నుంచి ఇప్పటిదాకా అది తయారవుతూనే ఉంది. పైకి చూస్తే ఒక గుండ్రటి పీట, మూడు వంపు కాళ్లు, అంతే. ఆ వంపు ఎలా సాధ్యమైందో తెలియాలంటే చెక్క లోపలికి, కణం దాకా వెళ్లాలి. ఆల్టో జీవితాన్ని అర్థం చేసుకోవడానికి అదే సరైన దారి అని నా నమ్మకం. పదార్థం లోపల దిక్కు ఎటుందో కనిపెట్టి, దానికి ఎదురు వెళ్లకుండా పని చేయించుకున్నప్పుడు ఆయన చేసినవి తొంభై ఏళ్లు నిలిచాయి. ఆ దిక్కు కనిపించకుండా దాగిన చోట ఏమైందో కూడా ఆయన కట్టిన ఒక భవనమే చూపిస్తుంది.

ఆయన 1898 ఫిబ్రవరి 3న కుఒర్తానే అనే పల్లెలో పుట్టారు. అప్పటికి ఫిన్లండ్ రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. తండ్రి భూముల సర్వేయరు. పెరిగింది యూవస్క్యులా పట్నంలో. ఫిన్లండ్‌లో మొదటి ప్లైవుడ్ కర్మాగారం 1912లో ఆ ఊళ్లోనే పెట్టారు. నేలలో నాలుగింట మూడు వంతులు అడవులున్న దేశం అది. దేవదారు జాతి చెట్లతో పాటు బర్చ్ చెట్టు అక్కడ విరివిగా పెరుగుతుంది. మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న హిమాలయాల భూర్జ వృక్షానికి అది దగ్గరి చుట్టం. బర్చ్ మాను మరీ లావెక్కదు, కాబట్టి వెడల్పాటి పలకలు రావు. దుంగను తిప్పుతూ పలుచటి పొరగా చుట్టూ ఒలిచి, ఆ పొరలను అతికిస్తే మాత్రం కావలసినంత వెడల్పు వస్తుంది. ఆల్టో చేతికందిన ముడిసరుకు ఇది.

1921లో హెల్సింకీలో వాస్తుశిల్పం పూర్తిచేసి, 1923లో యూవస్క్యులాలో సొంత ఆఫీసు తెరిచారు. మరుసటి ఏడాది, తన దగ్గర పనిచేస్తున్న వాస్తుశిల్పి ఐనో మార్సియోను పెళ్లాడారు. 1927లో ఇద్దరూ తుర్కు నగరానికి మకాం మార్చారు. అప్పటిదాకా పాత రోమన్, ఇటాలియన్ పద్ధతుల్లో కట్టిన ఆల్టో అక్కడే ఆధునికతావాదం వైపు తిరిగారు. అలంకారం తీసేసి, భవనం ఏ పనికోసమో ఆ పని నుంచే రూపం రావాలన్నది ఆ వాదం. 1929 జనవరిలో పైమియో శానిటోరియం నమూనా పోటీలో గెలిచారు.

క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే కనిపెట్టారు. దాన్ని చంపే మందు స్ట్రెప్టోమైసిన్ మాత్రం 1943 దాకా దొరకలేదు. మధ్యలో గడిచిన ఆ అరవై ఏళ్లూ వైద్యుల చేతిలో ఉన్నవి విశ్రాంతి, మంచి తిండి, ఎండ, గాలి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో శానిటోరియం వెలసింది కూడా ఆ నమ్మకంతోనే. అంటే ఆ కాలపు శానిటోరియంలో భవనమే మందు. కట్టడం బాగుంటే రోగి ఒంట్లో ఉన్న శక్తి జబ్బుతో పోరాడటానికి మిగులుతుంది, బాగోకపోతే చలికీ చప్పుడుకీ ఖర్చయిపోతుంది.

పైమియోలో గదికి ఇద్దరు రోగులు. పైకప్పుకు కంటికి శ్రమ లేని ముదురు ఆకుపచ్చ ఛాయ రంగు వేయించారు. దీపాన్ని పడుకున్నవాళ్ల చూపుకి అందని చోట పెట్టారు. వేడినిచ్చే పలకలను కప్పుకే అమర్చి, ఆ వేడి తలకు కాక పాదాలవైపు పడేలా తిప్పారు. బయటి గాలి రెండు అద్దాల మధ్య నుంచి మెలికగా వచ్చి, కాస్త వెచ్చబడి గదిలోకి చేరేది. బేసిన్ లోపలి వాలును ఎంత జాగ్రత్తగా లెక్కకట్టారంటే, నీటి ధార పింగాణీని నిటారుగా కాక ఏటవాలుగా తాకి చప్పుడు లేకుండా జారిపోతుంది. డాక్టర్ల కోటు చేతులు తగులుకోకుండా తలుపుల పిడులను వంపు తిప్పారు. అల్మరాలు నేలకు ఆనవు, కిందంతా తుడవడానికి వీలుగా. ఈ వివరాలన్నీ ఆల్టో ఒక్కరివే కావు. ఐనో, ఆఫీసులోని మిగతావాళ్లూ ఒక్కొక్క వస్తువు మీదా కూర్చుని పనిచేశారు. ఇలాంటి గదిలో మనిషి కూర్చునే కుర్చీ ఎలా ఉండాలన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చింది.

అప్పటికి ఆధునిక కుర్చీ అంటే ఉక్కు గొట్టాల కుర్చీ. జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో మార్సెల్ బ్రాయర్ 1925లో గొట్టాలను వంచి కుర్చీ చేసి చూపించాక ఐరోపా అంతా అటు మళ్లింది. ఆల్టో దంపతులు కూడా 1928లో తమ ఇంటికి అలాంటివి తెప్పించుకున్నారు. వాటిని వాడి చూశాకే ఆల్టో అభ్యంతరాలు గట్టిపడ్డాయి. లోహం చల్లగా తగులుతుంది, మెరిసి కళ్లకు కొడుతుంది, శబ్దాన్ని తిప్పికొడుతుంది.

మొదటి అభ్యంతరాన్ని భౌతికశాస్త్రం బలపరుస్తుంది. ఒకే గదిలో ఉన్న ఉక్కు, చెక్క రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. కానీ ఉక్కు ఉష్ణవాహకత చెక్క కంటే వందల రెట్లు ఎక్కువ. చెయ్యి ఆనించగానే చర్మం నుంచి వచ్చిన వేడిని ఉక్కు లోపలికి లాక్కుపోతూనే ఉంటుంది. చెక్క మాత్రం తన పైపొర కాస్త వెచ్చబడేదాకా తీసుకుని ఆగిపోతుంది. మనకు తెలిసేది వస్తువు ఉష్ణోగ్రత కాదు, మన ఒంటి నుంచి వేడి ఎంత వేగంగా పోతోందన్నది. జ్వరంతో చిక్కిపోయిన రోగికి ఈ తేడా చిన్నది కాదు.

సరే, చెక్క మేలు. కానీ ఉక్కు గొట్టాన్ని ఎటు తిప్పి వంచినా ఒకేలా వంగుతుంది. చెక్క అలా కాదు.

చిత్రిక పట్టే వడ్రంగికి ఇది చెప్పనక్కర్లేదు. పోగు వెంట తోస్తే పేడు నున్నగా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది, ఎదురు తోస్తే చెక్క పెళ్లలుగా లేస్తుంది. చెక్క అంటే నిజానికి మాను పొడవునా నిలబడ్డ సన్నటి గొట్టాల్లాంటి కణాల కట్ట. వాటి గోడల్లో సెల్యులోజ్ పోగులు ఎక్కువభాగం ఆ పొడవు వెంటే సాగి ఉంటాయి, వాటిని పట్టి ఉంచే జిగురు లిగ్నిన్. అందుకే పొడవు వెంట లాగితే చెక్క ఎంతో బలమైనది, అడ్డంగా లాగితే దానిలో చిన్న వంతు బలానికే చీలిపోతుంది. పచ్చి చెక్క ఎండినప్పుడు పొడవులో తగ్గేది పావు శాతం కూడా ఉండదు, అడ్డంలో ఏడెనిమిది శాతం తగ్గుతుంది. ఒకే కర్రకు రెండు దిక్కుల్లో రెండు స్వభావాలు.

కర్ర వంచడం ఆల్టోకు ముందే తెలిసిన విద్య. వియన్నాలో మైకేల్ థోనెట్ బీచ్ కర్రకు ఆవిరి పట్టి వంచి, 1859లో కాఫీ హోటళ్ల కుర్చీ తెచ్చారు. అది కోట్లలో అమ్ముడైంది. ఆవిరి తగిలితే లిగ్నిన్ మెత్తబడుతుంది, పోగులు కాస్త కదలడానికి వీలవుతుంది. వంపు లోపలివైపు చెక్క బాగానే నొక్కుకుంటుంది. సమస్యంతా బయటివైపు. అది సాగాలి, కానీ సాగలేక తెగుతుంది. థోనెట్ బయటివైపు ఒక లోహపు పట్టీ బిగించి, సాగే అవసరమే రాకుండా కర్ర మొత్తం నొక్కుకునేలా చేశారు. తెలివైన ఉపాయం. అయితే ఇది గుండ్రటి, ఒద్దికైన వంపులకు సరిపోతుంది. బల్ల కాలు దగ్గర కావలసిన ఇరుకైన మూలకు, అదీ మందమైన కర్రతో, చాలదు.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. 4 సెంటీమీటర్ల మందమున్న కర్రను, మధ్యరేఖ దగ్గర 6 సెంటీమీటర్ల వ్యాసార్ధం వచ్చేలా వంచాలనుకోండి. బయటి అంచు మధ్యరేఖకు 2 సెంటీమీటర్లు అవతల ఉంటుంది. కాబట్టి అది 6కి 2 వంతున, అంటే 33 శాతం సాగాలి. ఎండిన కర్ర సుమారు 1 శాతం సాగేసరికే తెగిపోతుంది. అదే కర్రను 2 మిల్లీమీటర్ల పొరలుగా చేస్తే, ఒక్కో పొర బయటి అంచు తన మధ్యరేఖకు 1 మిల్లీమీటరే దూరం. అది సాగాల్సింది 60కి 1, రెండు శాతం కూడా కాదు. కాస్త తడి, వేడి తోడైతే చెక్క ఆ మాత్రం ఓర్చుకుంటుంది.

ఇంట్లో ఉన్న లావాటి నోటుపుస్తకంతో ఇది చూడవచ్చు. వంచితే సులువుగా వంగుతుంది, ఎందుకంటే కాగితాలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. చివర అంచు ఏటవాలుగా మారడం ఆ జారుడుకి సాక్ష్యం. వంచి పట్టుకుని కాగితాలన్నిటికీ జిగురు పూసి ఆరనిస్తే, ఇక జారలేవు, ఆ వంపు అలాగే ఉండిపోతుంది. ఇందులో బలం ఎంత పెరుగుతుందో గణితం కచ్చితంగా చెబుతుంది. విడివిడిగా జారే పది పొరలను వంచడం, అంతే మందమున్న ఒకే దిమ్మెను వంచడం కంటే వంద రెట్లు తేలిక. జిగురు ఆరగానే ఆ వంద రెట్ల బిగువు తిరిగి వచ్చేస్తుంది. వంచేటప్పుడు మెతక, వంచాక గట్టి. పొరల చెక్క రహస్యమంతా ఇదే.

తుర్కులో ఒక ఫర్నిచర్ కర్మాగారాన్ని నడిపే ఒట్టో కొర్హోనెన్ దీన్ని చేతల్లో సాధించారు. ఆల్టో 1920ల చివరి నుంచి ఆయనతో కలిసి చెక్క పొరలను వంచుతూ, మెలితిప్పుతూ, చీల్చి తిరిగి అతికిస్తూ ఎన్నో ప్రయోగాలు చేశారు. ఏ వాడకానికీ పనికిరాని, కేవలం చెక్క ఎంతవరకు ఒప్పుకుంటుందో చూడటానికి చేసిన నమూనాలు వాటిలో ఎన్నో. వాస్తుశిల్పి పేరు కుర్చీకి నిలిచింది, కొర్హోనెన్ పేరు ఆ రంగం వాళ్లకే తెలుసు. ఇది సరికాదనిపిస్తుంది నాకు. ఏ పొర ఎంత తడి ఉండాలో, ఎంతసేపు బిగించాలో తెలిసిన చేతులు లేకపోతే ఆ గీతలు కాగితం దాటేవి కావు.

1932కల్లా పైమియో కుర్చీ రూపుదిద్దుకుంది. రెండు వైపులా మూసిన ఉంగరాల్లాంటి చట్రాలు, వాటి మధ్య వేలాడే ఒకే ఒక్క పలుచటి పలక. పీట, వీపు రెండూ ఆ పలకే. తల దగ్గరా మోకాళ్ల దగ్గరా అది చుట్ట తిరిగి చట్రాన్ని పట్టుకుంటుంది. చట్రంలో పొరలన్నీ ఒకే దిక్కుకు పేర్చారు, ఎందుకంటే బరువంతా పొడవు వెంటే పారుతుంది. పీట ప్లైవుడ్, అంటే పక్కపక్క పొరల పోగులు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. పలుచటి వెడల్పు పలక ఏ దిక్కులోనూ చీలకూడదు కదా. ఒకే చెట్టు, ఒకే కుర్చీ, కానీ దిక్కును ఒక చోట కలుపుకున్నారు, మరో చోట చెదరగొట్టారు. మెత్త లేదు, దుమ్ము చేరే సందు లేదు. తుడిస్తే శుభ్రం. వీపు వాలును రోగికి ఊపిరి తేలికయ్యేలా కుదిర్చారు. కూర్చుంటే చుట్ట తిరిగిన చోట పలక కొద్దిగా ఊగి, మెత్త చేసే పనిలో కొంత తానే చేస్తుంది.

అందానికి పైమియో కుర్చీదే పేరు. నన్నడిగితే అంతకన్నా గొప్ప ఆలోచన ఆ వెంటనే వచ్చిన స్టూలు కాలు. పైమియో కుర్చీలో పొరలు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్నాయి, అది ఖర్చుతో కూడిన పని. కాలులో వంపు ఉండేది ఒక్క చోటే కదా, మిగతా అంతా నిటారు కర్రే కదా, అక్కడ పొరలెందుకు? ఆల్టో, కొర్హోనెన్ కలిసి గట్టి బర్చ్ కర్రను తీసుకుని, పై కొసలో మాత్రం పోగు వెంట రంపంతో సమాంతరంగా కోతలు పెట్టారు. రంపం తిన్న సందుల్లో జిగురు రాసిన పలుచటి వెనీర్ పొరలు దోపారు. సందులు ఖాళీగా ఉంటే వంపు డొల్లగా, బలహీనంగా మిగులుతుంది, వెనీర్ ఆ లోటు పూడుస్తుంది. ఆపైన వేడితో, ఒత్తిడితో తొంభై డిగ్రీలు వంచి ఆరనిచ్చారు. ఈ కాలు పేటెంటు 1933 నాటిది.

మూల దగ్గర ఏం జరిగిందో గమనించండి. మామూలు బల్లకు కాలు బిగించాలంటే రెండు కర్రలను కలపాలి. కాలు పోగులు అక్కడ ఆగిపోతాయి, పైకర్ర పోగులు అడ్డంగా మొదలవుతాయి. కదిలినప్పుడల్లా బరువు పడేది ఆ అతుకు మీదే, పాత కుర్చీలు ముందుగా ఊగేదీ అక్కడే. ఆల్టో కాలులో పోగులు ఆగవు. నేల నుంచి పైకి వచ్చి, మలుపు తిరిగి, పీట కిందికి సాగిపోతాయి. అక్కడ మరలు బిగిస్తే చాలు. ఇదే కాలును స్టూలుకు, కుర్చీకి, బల్లకు, అల్మరాకు వాడవచ్చు. స్తంభం, దూలం కలిసే చోటును పరిష్కరించిన వాస్తుశిల్పి ఎన్ని భవనాలైనా కట్టగలడు. ఆల్టో కూడా ఫర్నిచర్ కాలును భవనపు స్తంభానికి చెల్లెలిగానే చూశారు. తర్వాత 1940ల్లో రెండు కాళ్లను అంటించి ఇంగ్లిష్ వై అక్షరంలా, 1954లో మరిన్ని ముక్కలు విసనకర్రలా పరుచుకునేలా ఇదే సూత్రాన్ని పెంచారు.

స్టూలుకు కాళ్లు మూడే పెట్టడంలో రేఖాగణితం ఉంది. ఏ మూడు బిందువుల గుండా అయినా ఒక తలం వెళ్తుంది, అందుకే నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ల స్టూలు కుంటదు. నాలుగో కాలు పెట్టగానే నేల చదునుగా ఉండాలన్న షరతు వస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చితే కాళ్లు ఒకదాని పక్కకు ఒకటి జరుగుతూ మెలికలు తిరిగిన గోపురంలా లేస్తాయి.

1933 నవంబరులో లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణంలో ఈ సామాను ప్రదర్శించారు. బ్రిటన్ నుంచి ఆర్డర్లు ముంచెత్తాయి. 1935లో అల్వర్, ఐనో, మైరే గుల్లిక్సెన్, నిల్స్-గుస్తావ్ హాల్ అనే నలుగురూ కలిసి హెల్సింకీలో ఆర్టెక్ కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ గదుల అలంకరణల్లో చాలాభాగం ఐనో చేతి పనే. 1949లో కేన్సర్‌తో చనిపోయేదాకా ఆమె ఆర్టెక్‌కు వెన్నెముక. చరిత్ర పుస్తకాల్లో భర్త పేరు పక్కన ఆమె పేరు రావడానికి చాలా దశాబ్దాలు పట్టింది. మంచి గాజు సామాను డిజైనరుగా కూడా ఆమెకు సొంత స్థానముంది.

స్టూలు బారులు తీరిన మొదటి చోట్లలో వీపురి పట్టణ గ్రంథాలయం ఒకటి. 1935లో పూర్తయిన ఆ భవనంలో పదార్థం బదులు వెలుతురును, శబ్దాన్ని వంచారు ఆల్టో. చదువుకునే హాలు పైకప్పులో 57 గుండ్రటి వెలుతురు బావులున్నాయి. ఒక్కోటి లోతైన శంకువు ఆకారం. వీపురి ఉన్నది దాదాపు 61 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. నడివేసవి మధ్యాహ్నం కూడా సూర్యుడు అక్కడ 53 డిగ్రీల ఎత్తు దాటడు. శంకువు లోతు తగినంత ఉంటే ఎండ నేరుగా పుస్తకం మీద పడదు, తెల్ల గోడలకు తగిలి చెదిరి, నీడ పడని వెలుతురుగా దిగుతుంది. ఏ వైపు కూర్చున్నా చెయ్యి నీడ పేజీ మీద పడదు. మన హైదరాబాదులో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, కాబట్టి ఈ బావిని ఉన్నదున్నట్టు ఇక్కడ కడితే ఎండ నిలువునా దిగుతుంది. ఉపన్యాసాల గదిలో చెక్క పట్టీల పైకప్పు అలలుగా సాగుతుంది, వేదిక మీది మాటే కాదు, వెనక కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్న కూడా అందరికీ చేరాలని. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పట్టణం సోవియట్ యూనియన్‌కు పోయింది. భవనం ఏళ్ల తరబడి పాడుపడి, దీర్ఘకాలపు మరమ్మతుల తర్వాత 2013లో మళ్లీ పూర్తిగా తేరుకుంది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆయన కట్టినవి ఎన్నో. నూర్మార్కులో గుల్లిక్సెన్ కుటుంబానికి విల్లా మైరియా, అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థుల హాస్టల్ బేకర్ హౌస్, ఎర్ర ఇటుకల సైనాత్సాలో టౌన్ హాల్. ఆయన భవనాల్లో చాలాచోట్ల మనిషి చెయ్యి తగిలే చోట చెక్కో, తోలో చుట్టి ఉండటం చూస్తాం. 1952లో వాస్తుశిల్పి ఎలిస్సాను పెళ్లాడారు. 1976లో ఆయన పోయాక మిగిలిన పనులు ఆమె నడిపించారు.

ఆయన చివరి పెద్ద భవనాల్లో ఒకటి హెల్సింకీలోని ఫిన్లండియా హాల్. 1971లో తెరిచారు. ఐరోపా భద్రతకు సంబంధించిన హెల్సింకీ ఒప్పందం మీద 1975లో సంతకాలు జరిగింది ఇక్కడే. మధ్యధరా తీరపు వెలుగును ఉత్తరానికి తేవాలని ఆల్టో దానికి ఇటలీలోని కర్రారా పాలరాయి తొడిగించారు, సుమారు 3 సెంటీమీటర్ల పలకలుగా. కొన్నేళ్లకే పలకలు వంగడం మొదలైంది. రాయి, అదీ చదునుగా కోసిన రాయి, ఎవరూ వంచకుండానే వంగిపోయింది.

కారణం మళ్లీ దిక్కే. పాలరాయి కాల్సైట్ స్ఫటికాల ముద్ద. వేడెక్కితే కాల్సైట్ స్ఫటికం ఒక అక్షం వెంట సాగుతుంది, దానికి లంబంగా ఉన్న దిక్కుల్లో కొద్దిగా కుంచించుకుంటుంది. ముద్దలో స్ఫటికాలు తలా ఒక వైపు తిరిగి ఉంటాయి. అందువల్ల ఎండ కాసినప్పుడల్లా ఒకటి పక్కదాన్ని తోస్తుంది, ఇంకొకటి వెనక్కి తగ్గుతుంది. చల్లారాక అన్నీ పాత చోటికి చేరవు, వాటి సరిహద్దుల్లో పలుచటి బీటలు మిగులుతాయి. తేమ వాటిలోకి దిగి పని ముగిస్తుంది. పలక ముందువైపు, వెనకవైపు ఒకేలా ఉబ్బకపోవడంతో అది వంపు తిరుగుతుంది, బలం కూడా తగ్గుతుంది. మందపు దిమ్మెల్లో ఇది పైకి కనబడదు. చెక్కలోలా ఇక్కడ పోగు కంటికి కనిపించదు, చిత్రికకు తగలదు. రాయిని సన్నటి పలకలుగా కోయగల యంత్రాలు వచ్చాకే ఈ జబ్బు బయటపడింది. షికాగోలో 1970ల్లో కట్టిన 83 అంతస్తుల ఆకాశహర్మ్యానికి ఇదే కర్రారా రాయి తొడిగి, అది వంగిపోతే 1990ల మొదట్లో సుమారు 43,000 పలకలను పీకి గ్రానైట్ పెట్టారు.

ఫిన్లండియా హాలు పలకలను కూడా 1990ల చివర్లో మార్చారు. భవనం రూపం చెడకూడదన్న పట్టుదలతో మళ్లీ కర్రారా రాయే తెచ్చారు. అవీ వంగాయి. ఆల్టో ఊహకు ఇచ్చిన గౌరవం ఆల్టో పద్ధతికి ఇవ్వలేదని నాకనిపిస్తుంది. తుర్కు కర్మాగారంలో ఆయన ముందు పదార్థాన్ని అడిగేవారు, రూపం తర్వాత.

ఆ మధ్యకాలంలో ఐరోపా పరిశోధకులు పాలరాళ్లన్నీ ఒకటి కాదని తేల్చారు. కర్రారా రాయిలో స్ఫటికాల అంచులు తిన్నగా ఉంటాయి, అందుకే సులువుగా విడిపోతాయి. అంచులు వంకరటింకరగా ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న పాలరాళ్లు చాలా మెరుగ్గా నిలుస్తాయి. ఇప్పుడు ముఖభాగానికి పాలరాయి ఎంచుకునే ముందు దాని నుంచి పట్టీ కోసి, కిందివైపు తడి, పైవైపు వేడి తగిలిస్తూ, చల్లారుస్తూ, పదే పదే అదే చేసి, ఎంత వంగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. 2022లో మొదలైన పునరుద్ధరణలో ఫిన్లండియా హాలుకు ఉత్తర ఇటలీలోని లాసా గనుల పాలరాయి తొడిగారు. 2025 జనవరిలో హాలును మళ్లీ తెరిచారు.